పగులు దాచిన వారం

కెనడాలోని హామిల్టన్‌లో నేను నర్సుగా పనిచేసే ఆస్పత్రిలో ఈ ఉదయం ఒక గదికి మరమ్మతు చేస్తున్నారు. తడి ప్లాస్టర్ వాసన ముక్కుకు తగలగానే గుమ్మం దగ్గరే ఆగి పైకప్పు వైపు చూశాను. ఆ వాసనతో పాటే వసుంధర గారూ, ఆ పాత జార్జియన్ శైలి భవనమూ కళ్ల ముందుకొచ్చాయి.

అప్పుడు నేను వరంగల్ నుంచి వచ్చి ఇక్కడ కాలేజీలో చదువుతున్నాను. ఆ భవనంలోని కమ్యూనిటీ సెంటర్‌లో పార్ట్‌టైమ్ పని. లైబ్రరీలో చేసి రిటైరైన వసుంధర గారు ఆ సెంటర్ కమిటీకి పెద్ద. నడుమ తలుపు, దానికి అటూ ఇటూ సరిసమానంగా కిటికీలు ఉన్న ఆ రాతి ఇంటిని ఒక మిల్లు యజమాని కట్టించాడట. తర్వాత అది గాయపడిన సైనికుల ఆస్పత్రి అయింది, ఆపైన ఆడపిల్లల హాస్టల్ అయింది. "ఈ హాల్లో సైనికులు మళ్ళీ నడక నేర్చుకున్నారమ్మా. ఇప్పుడు మన పిల్లలు కూచిపూడి నేర్చుకుంటున్నారు," అని చూడవచ్చిన వాళ్లందరికీ చెప్పేవారు.

ఒక చలికాలం ఉదయం ఆ హాలు తెరిస్తే నేల మీద తెల్లటి పొడి కనిపించింది. తలెత్తి చూశాను. పైకప్పులో వేలు పట్టేంత పగులు. నగరానిదైన ఆ భవనాన్ని అమ్మేయాలా వద్దా అని సిటీ కౌన్సిల్ కొద్దిరోజుల్లో ఓటు వేయబోతోంది. ఈ సంగతి బయటపడితే భవనమూ పోతుంది, నా పనీ పోతుంది. పొడి ఊడ్చేశాను. మర్నాడు మళ్ళీ రాలింది, మళ్ళీ ఊడ్చాను. పిల్లలు అడుగులు వేస్తున్నంతసేపూ నేను తలుపు దగ్గర నిలబడి పైకే చూసేదాన్ని. ఏడోరోజు డాన్స్ క్లాసుకు ముందు ఇక ఉండబట్టలేక వసుంధర గారికి చెప్పేశాను.

"ఎప్పుడు చూశావు?"

"పోయిన మంగళవారం, ఆంటీ. చెప్దామనే అనుకున్నా. భయమైంది."

ఆవిడ వెంటనే హాలుకు తాళం వేసి, అప్పుడే వస్తున్న పిల్లలను గుమ్మంలోనే ఆపి వెనక్కి పంపారు. ఫోన్ అందుకున్నారు.

"ఓటు అయ్యేదాకా ఆగుదాం ఆంటీ. హాలు ఒక్కటి మూసేస్తే సరిపోదా?"

"పక్క గదులకీ అదే కప్పు కదమ్మా," అంటూనే సిటీ భవనాల ఇన్‌స్పెక్టర్‌కు కాల్ చేశారు. సాయంత్రానికల్లా భవనమంతా మూతపడింది.

కౌన్సిల్ మీటింగ్‌లో ఆవిడ పక్కన కూర్చున్నాను. "నాకూ భయంగానే ఉంది. ఎక్కడికీ వెళ్లకు," అన్నారు మెల్లగా. నా పేరు చెబుతారేమోనని తల దించుకున్నాను. మైకు ముందు నిలబడి ఆవిడ మొదట భవనం చరిత్ర చెప్పలేదు, పగులు గురించే చెప్పారు. "చూసి కూడా మేము వారం రోజులు ఆలస్యం చేశాం. అది మా తప్పు," అన్నారు.

అమ్మకం వాయిదా పడింది. వెనుక భాగాన్ని కూల్చక తప్పలేదు. ముందు భాగం బాగుపడి తెరుచుకోవడానికి రెండేళ్లు పట్టింది. ఈలోగా ఆవిడ ఏజాక్స్ అనే ఊరికి మారిపోయారు. 'మేము' అని ఎందుకన్నారో నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

మొన్న మా వార్డులో కొత్తగా చేరిన నర్సు ఒక రోగికి మందు ఇవ్వాల్సిన వేళ తప్పి, ఏడుపు ముఖంతో నా దగ్గరికొచ్చింది. రోగికి ప్రమాదమేమీ లేదని చూసుకుని, ఆమెను వెంటబెట్టుకుని డాక్టర్ గది తలుపు తట్టాను.

"డాక్టర్, మందు ఇవ్వడం ఆలస్యం చేశాం," అన్నాను.