లెక్కలు అప్పజెప్పించుకున్న రోజులు

మొన్న పలాసలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నప్పుడు, పక్కవాళ్ళు చదివేసిన పేపరు అడిగి తెచ్చుకుని, వరండాలో కూర్చుని నా అలవాటు చొప్పున పెదవులు కదుపుతూ చదువుకుంటున్నాను. పదో తరగతి పాసు కావాలంటే పెద్ద లెక్కలు పిల్లలందరికీ తప్పనిసరిగా ఉండాలా, లేక ఇష్టమున్నవాళ్ళకే ఉంచి మిగతావాళ్ళకి రోజూ పనికొచ్చే లెక్కలతో సరిపెట్టవచ్చా అని, చదువుకున్నవారెవరో ఇద్దరు చెరో పక్కన రాశారు. ఒకరిది చదివితే అదే నిజమనిపించింది, రెండోవారిది చదివితే అదీ నిజమే అనిపించింది. పేపరు మడిచి పెట్టేశాను గాని ఆ పూట ఇంక ఏ పని మీదా చెయ్యి సాగలేదు.

నా ఈడువాళ్ళకు చెప్పనక్కరలేదు, మన కాలంలో ఈ ఉద్దానం పల్లెల్లో ఆడపిల్లకు బడి అంటే తమ్ముణ్ణి చంకనేసుకుని కిటికీ బయట నిలబడటమే. మాది పూండి దగ్గర పల్లె. నేను జీడిపిక్కల పనికి పోయేదాన్ని, మా ఆయన కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపేవాడు. అమ్మాయి పుట్టి, నడక వచ్చి, బడికి పోవడం మొదలుపెట్టాక గాని నాకు అక్షరాలు రాలేదు. మా చర్చి సంఘం పాస్టరు అయ్యగారి భార్యను మేమంతా అమ్మగారు అనేవాళ్ళం; ఆమె ఆదివారం ఆరాధన అయ్యాక ఆడవాళ్ళను చాప మీద కూర్చోబెట్టి పాటల పుస్తకం చేతికిచ్చేవారు. ఆ పాటలన్నీ మాకు చిన్నప్పటినుంచి నోటికి వచ్చినవే కనుక, నోట్లో ఉన్న మాట కాగితం మీద ఎక్కడుందో వేలు పెట్టి వెతుక్కోవడమే మా చదువు. అలా వెతుక్కుంటూ వెతుక్కుంటూ ఒకనాడు బస్సు నుదుటి మీద టెక్కలి అన్న మాట ఎవరూ చెప్పకుండా చదివేశాను. నాకు టెక్కలిలో పనేమీ లేదు, అయినా ఆ సంతోషంలో ఎక్కబోయాను, కండక్టరు ఎక్కడికమ్మా అంటే నవ్వి దిగిపోయాను.

అమ్మాయి పదో తరగతికి వచ్చేసరికి మా ఆయనకు కిడ్నీలు చెడ్డాయి. ఇంటికొకరికి ఉన్న జబ్బే కనుక, మా వైపు ఈ మాట చెబితే ఎందుకని అడిగేవాళ్ళుండరు, ఎప్పటినుంచి అని మాత్రం అడుగుతారు. అప్పట్లో రక్తం శుద్ధి చేయించుకోవడానికి శ్రీకాకుళం దాకా పోవాల్సి వచ్చేది. నేను పనిలోకి పోకపోతే ఇల్లు గడవదు కనుక తండ్రికి తోడు అమ్మాయే వెళ్ళేది. ఆ రోజుల్లో పోయిన పాఠాల్లో తెలుగూ సోషలూ ఇంట్లో చదువుకుని పట్టుకోగలిగింది గాని, లెక్కలు మాత్రం ఒక్కసారి చేజారితే మళ్ళీ దొరకలేదు. అయితే ఆ ఆస్పత్రిలోనే దానికి నర్సు కావాలన్న కోరిక పుట్టింది. తండ్రి కాళ్ళ వాపు చూసి తాగే నీళ్ళు ఎంతలో ఆపాలో చెప్పేది, సూది గుచ్చినచోట దూది ఎలా అదిమిపట్టాలో నేర్చుకుంది. అక్కడి పెద్ద నర్సమ్మ, పది పాసయి రా, ఆ తర్వాత ఏ దారిలో పోవాలో నేను చెబుతాను అన్నదట. ఆ రోజు ఇంటికి తిరిగొచ్చాక చేపల కూర ముందు పెట్టుకుని కూడా తినకుండా అదే మాట చెప్పింది.

బళ్ళో లెక్కల మాస్టారు మంచివారే, కాని క్లాసు నిండా పిల్లలు, ఆయన ఎవరి దగ్గరని నిలబడతారు? తోటి పిల్లలు గైడు బట్టీ పట్టమన్నారు. ఇంక మా వాకిట్లో పొద్దున్నే లెక్కలు అప్పజెప్పడం మొదలైంది. గైడు నా చేతిలో, అమ్మాయి కళ్ళు మూసుకుని ఎదురుగా. తెలుగు మాటలు నాకు వచ్చు, మధ్యలో ఇంగ్లీషు అక్షరాలను ఆకారం చూసి పట్టుకునేదాన్ని. దాని నోట ఒక్క మాట జారినా ఆపేసేదాన్ని.

"ఆగే, ఆ ఎక్స్ నెత్తి మీద సిన్న రెండు కూకుంది, నువ్వు సెప్పలేదు."

"సెప్పానే అమ్మా, స్క్వేరు అంటే అదే!"

అదే అని నాకేం తెలుసు? అయినా ఎంత గర్వంగా ఉండేదో. నా తల్లి ఏనాడూ నాచేత పాఠం అప్పజెప్పించుకోలేదు. మంచం మీదనుంచి మా ఆయన వినేవాడు. గోపురం ఎత్తు కనుక్కోవడం అనే లెక్క వచ్చినప్పుడల్లా ఆయనకు నవ్వే.

"ఎత్తెంతో తెలీడానికి ఇంత బాదేటే? ఎక్కినోడ్ని అడిగితే సెప్పడేటి?"

"నాన్నా, నువ్వు ఊరుకో, నాను మర్సిపోతాను!"

"నాను ఎక్కిన సెట్లకి ఒక్కడూ మార్కులు ఎయ్యలేదు మరి."

ఆ మాటకు ముగ్గురం నవ్వుకునేవాళ్ళం. ఆయన అంతగా నవ్వింది ఆ నెలల్లోనే.

లెక్కల పరీక్ష రాసి వచ్చిన రోజున దాని ముఖం ఇప్పటికీ నా కళ్ళలో ఉంది. అమ్మా, గోపురం లెక్కే వచ్చింది, మొత్తం రాసేశాను, ఒక్క ముక్క వదల్లేదు అని చెప్పులు విప్పకుండానే చెప్పింది. నేను అమ్మగారి ఇంటికి పోయి ప్రార్థన కూడా చేయించి వచ్చాను. ఫలితాలు వచ్చాక చూస్తే మిగతా అన్నిట్లోనూ పాసు, లెక్కల్లో పోయింది. దిద్దినవాళ్ళే పొరబడ్డారని నా నమ్మకం. ప్రశ్నపత్రం తీసుకుని నేనూ అదీ మాస్టారి దగ్గరికి పోయాం. ఆయన అమ్మాయిని ఏం రాశావో చెప్పమన్నారు. అది కళ్ళు మూసుకుని మొదటినుంచి చివరివరకు చెప్పింది. ఆయన ప్రశ్నపత్రం నా వైపు తిప్పి, అమ్మా, గోపురం అదే గాని అంకెలు మారాయి, గైడులో ఎత్తు అడిగారు, ఇక్కడ దూరం అడిగారు అన్నారు. తిట్టి ఉంటే బాగుండేదేమో, ఆయన చాలా మెల్లగా చెప్పారు.

పాట అంటే ఎక్కడ పాడినా అదే పాట. మా మందిరంలో ఒక మాటా, టెక్కలి మందిరంలో ఇంకో మాటా ఉండదు. చదువంతా అలాగే ఉంటుందని నేనూ అనుకున్నాను, నా కూతురూ అనుకుంది. దారిలో అది, మరెలగ నేర్చుకోవాలే అమ్మా అని అడిగింది. ఆకలేస్తుందేమోనని అరటిపళ్ళు కొనిచ్చాను.

తర్వాత రెండోసారీ రాసింది, మూడోసారీ రాసింది. మాస్టారు సాయంత్రాలు రమ్మని చెప్పి చూశారు. ఆయన ఎదురుగా చేస్తే లెక్క వచ్చేది, పరీక్ష హాల్లో కూర్చుంటే అంకెలన్నీ ఒకదాని మీద ఒకటి పడిపోయేవట. ఆ మధ్యలోనే మా ఆయన పోయాడు. నాలుగోసారి ఫీజు కట్టమంటే, వద్దమ్మా, నాకు సేత కాదు అంది. బతిమాలాలో కసరాలో తెలియక ఆ ఫీజు డబ్బులు మళ్ళీ కొంగున ముడేసుకున్నాను. ఆ ఏడు గడిచాక పలాస ఆటో అబ్బాయికిచ్చి పెళ్ళి చేశాను. మంచివాడే. కొన్నాళ్ళకు అది అక్కడి ఆస్పత్రిలో ఆయాగా చేరింది.

పేపరు చదివిన సాయంత్రం, అది పనినుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే, ఇలా రాశారే, ఆ గోపురాల లెక్కలు లేకపోతే నీ బతుకు ఇంకోలా ఉండేది కదే అన్నాను. నన్ను ఓదారుస్తుందనుకున్నాను.

"అలగనకే అమ్మా. మందెక్కించేటప్పుడు లెక్క తప్పితే మడిసి సచ్చిపోతాడు. లెక్కలు రానోలు నర్సులైతే ఎలగ?"

"ఆ లెక్కా, గోపురం లెక్కా ఒకటేనేటి?"

చెంబులో మిగిలిన నీళ్ళు కాళ్ళ మీద పోసుకుంది.

"నాకు తెలీదే. ఒకటో కాదో తెలిసేంత కూడా నాకు రానేదు."

లేచి దానికి తువ్వాలు అందించాను.

మర్నాడు బి.పి. మాత్రల కోసం దాని వెంట ఆస్పత్రికి వెళ్ళాను. కాలం ఎంతో మారింది. శ్రీకాకుళం దాకా పోనక్కరలేకుండా రక్తం శుద్ధి చేసే యంత్రాలు మన పక్కకే వచ్చాయి, పిల్లలకు పాఠాలు ఫోన్లోనే చెబుతున్నారు, మా వీధి ఆడపిల్లలు కాలేజీ బస్సెక్కుతున్నారు. ఇవన్నీ కాస్త ముందుగా వచ్చి ఉంటే అనుకుంటూ బల్ల మీద కూర్చున్నాను. కవిటి వైపునుంచి వచ్చిన ఒక ముసలాయన, ఓ సిస్టరమ్మా, ఇలగొకసారి సూడవా అని మా అమ్మాయిని పిలిచాడు. పనిలో చేరిన కొత్తలో ఎవరు అలా పిలిచినా, సిస్టర్ని కాదు మావా, ఆయాని అని అక్కడికక్కడే చెప్పేది. చెప్పి, ఇంటికొచ్చి ఆ పూట అన్నం తినేది కాదు. ఇప్పుడు ఆ మాట అనలేదు. చేతిలోని గుడ్డ పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, వస్తన్నాను మావా అంటూ ఆయన మంచం దగ్గరికి వెళ్ళింది.