ఒకే గాటన కట్టిన చెరుకు

దీపికకు చక్కెర ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చిన రోజు, ఆమె పెద్దనాయన చెన్నబసప్ప మొగుడంపల్లి దగ్గరి తమ ఊళ్లో ఇంటింటికీ పేడాలు పంచాడు. "మా బిడ్డ కూసున్న జాగల నుంచే చెరుకు కొట్టిస్తది" అని కనబడినవాళ్లందరికీ చెప్పుకున్నాడు. మాట పెద్దదే గాని, అబద్ధం కాదు.

జహీరాబాద్ ఆఫీసులో ఆమె పని అదే. ఏ రైతు చెరుకు ముందు కొట్టాలో కంప్యూటర్‌ను అడిగి, ఆ వరుసలో కోత పర్మిట్లు ఇప్పిస్తుంది. అలా అడిగే ప్రశ్నను క్వెరీ అంటారు. ఊరికొక క్వెరీ. ఒక ఊళ్లో బోర్లు ఎండినవాళ్లు ముందు. ఇంకో ఊళ్లో వాగు అవతలి చేలు ముందు, ఎందుకంటే వాన పడితే ట్రాక్టరు దాటదు. ఫీల్డ్‌మన్లు వచ్చి చెప్పినవన్నీ ఏళ్ల తరబడి వాటిలో కూర్చుకుంటూ వచ్చింది.

ఈ సీజన్‌లో దళారులు కొందరు చనిపోయిన రైతుల పేర్ల మీద పర్మిట్లు తీసి, బయటి చెరుకు తోలుతున్నారని బయటపడింది. మేనేజరు అఖిలేష్ మండిపడ్డాడు. "చనిపోయినోళ్ల పేర్లు అన్ని ఊర్లల్లకెళ్లి తీసెయ్యమ్మా" అన్నాడు. గోటితో పోయేదానికి గొడ్డలి! దొంగలను పట్టాలంటే ఊళ్లు తిరగాలి. ఆ ఎండలో ఎవరు తిరుగుతారు?

ఒక్కో క్వెరీ తెరిచి దిద్దుతూ కూర్చోవడం దీపికకు విసుగనిపించింది. చిన్న ప్రోగ్రాం రాసి, అన్ని క్వెరీల్లోనూ ఒకే షరతును ఒక్క దెబ్బతో దూర్చింది: చనిపోయినట్టు నమోదైన రైతుకు పర్మిట్ లేదు. టీ చల్లారేలోగా పని అయిపోయింది. అఖిలేష్ శభాష్ అన్నాడు. రెండు ఊళ్లు తెరిచి చూసుకుంటే దళారులు వాడుకున్న పేర్లు పోయాయి. ఇంకెవరెవరు పోయారో ఆమె చూడలేదు. ఉన్నది కంటికి కనబడుతుంది గాని, లేనిది ఎట్లా కనబడుతుంది?

ఉగాది దగ్గరపడ్డాక పెద్దమ్మ గిరిజమ్మ ఆఫీసుకు వచ్చింది. చెన్నబసప్ప పోయినప్పటి నుంచి చేను చూసుకుంటున్నది ఆమే.

"మన పర్మిట్ ఇంక రాలే బిడ్డా. చుట్టుపక్కల చేన్లన్నీ కొట్టిన్రు. మన చెరుకు పూత పట్టింది, ఎండుతున్నది. చెరుకు కొట్టే ముఠావోళ్లు పండుగకు వాళ్ల ఊర్లకు పోతరట. జర చూడు."

దీపిక తమ ఊరి క్వెరీ నడిపింది. పెద్దనాయన పేరు లేదు. ఎందుకు లేదో ఆమెకు వెంటనే తెలిసిపోయింది.

కన్నడ సరిహద్దున ఉన్న ఆ ఊళ్లో ఒక పట్టింపు ఉంది. ఇంటి పెద్ద పోతే ఏడాది తిరిగేదాకా కాగితాల్లో పేరు మార్చరు. అంతలోపే తీసేస్తే పోయిన మనిషిని మళ్లీ గడప దాటించినట్టని బాధపడతారు. సేద్యం భార్యదో కొడుకుదో, పేరు మాత్రం ఆయనదే. ఇది దీపికకు తెలియదా? ఆ ఇంటి బిడ్డే కదా! పోయిన ఎండాకాలం దినాలు ముగించుకొని వచ్చి, పెద్దనాయన పేరు పక్కన చనిపోయిన తేదీ ఎక్కించింది కూడా ఆమే. ఏడుస్తూనే ఎక్కించింది. ఇంటి ఆచారం ఇంట్లో ఉండిపోయింది, ఆఫీసు పని ఆఫీసులో జరిగిపోయింది. దొంగలనూ దిక్కులేనివాళ్లనూ ఒకే గాటన కట్టేసింది.

అఖిలేష్ దగ్గరికి వెళ్లి తప్పు తనదేనని చెప్పింది. ఆయన తల పట్టుకున్నాడు. "ఇప్పుడు ఒక్క ముఠానే మిగిలింది. మీ పెద్దమ్మ చేనుకు నేను సంతకం పెట్టి ఇయ్యాల్నే పంపిస్త. మిగిలినోళ్ల సంగతి తర్వాత చూద్దాం."

ఆ మాట దీపికకు అమృతంలా వినబడింది. సీటుకు వచ్చి, ఎందుకైనా మంచిదని, షరతును అన్ని క్వెరీల్లోనూ మార్చి నడిపింది. చనిపోయి ఏడాది నిండనివాళ్ల, ఇంటివాళ్లు సేద్యం చేస్తున్నవాళ్ల పేర్లు వెనక్కి వచ్చాయి. నాటిన తేదీల వరుసలో పక్క ఊళ్లో నీలమ్మ అనే ఆమె పోయిన మగని పేరు అందరికంటే పైన ఉంది. చెన్నబసప్ప పేరు చాలా కింద ఉంది.

గిరిజమ్మ బల్లకు అవతల కూర్చుని ఆమె ముఖమే చూస్తోంది. సంతకం కాగితం తెచ్చుకుంటే ఎవరూ అడగరు. దీపిక ఆ వరుసను మళ్లీ ఒకసారి చూసింది. లేచి అఖిలేష్‌కు వరుస ప్రకారమే పంపమని చెప్పి వచ్చింది. పెద్దమ్మకు కూడా ఉన్నదున్నట్టు చెప్పింది, తేదీ ఎక్కించిన సంగతితో సహా. గిరిజమ్మ చీర కొంగు సర్దుకుని బస్సుకు వెళ్లిపోయింది.

ముఠా నీలమ్మ చేను కొట్టింది, ఇంకో రెండు చేలు కొట్టింది, పండుగ ముందు రోజు మూటాముల్లె సర్దుకుని ముంబై రోడ్డెక్కింది. గిరిజమ్మ చెరుకు నిలబడ్డచోటే ఎండింది. చివరికి నిప్పు పెట్టించింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఎవరికి లాభం? మంచిపని చేశానన్న తృప్తి దీపికకు లేదు. తను సరిదిద్దుకున్న తప్పుకు మూల్యం కట్టింది పెద్దమ్మ.

వారానికి గిరిజమ్మ ఫోను చేసింది.

"మీ పెద్దనాయన ఏడాదికి రా బిడ్డా. ఆ దినం పేరు మారుస్త."

"వస్త పెద్దమ్మా."

"చేను నా పేరు మీద నువ్వే ఎక్కియ్యాలె" అంది గిరిజమ్మ. "ఆయన పేరు తీసింది గుడ నువ్వే గద."