ఆఫీసరొస్తున్నాడని కడిగిన కాలనీ

పైనుంచి ఎవరో ఒకరు వచ్చి కళ్ళారా చూస్తే చాలు, కష్టాలు తీరిపోతాయని నమ్మే తొంభైల రోజులవి. కోస్తా నుంచి ఉద్యోగాలకు వచ్చినవాళ్ళం, చవగ్గా వస్తున్నాయని మేడ్చల్ రైలు లైను పక్కనే ప్లాట్లు కొని, కాలనీకి పచ్చటి పేరొకటి పెట్టుకున్నాం (పచ్చగా ఉన్నది ఆ బోర్డు ఒక్కటే). రోజూ మధ్యాహ్నం బొగ్గు గూడ్సు వచ్చి, ఎక్స్‌ప్రెస్సుకు దారివ్వడానికి సరిగ్గా మా ఇళ్ళ వెనకే ఆగేది. గాలి వీస్తే మేడమీది గుమ్మడి వడియాలు మిరియాలు దట్టించినట్టయ్యేవి. వాటికేం, పారేసేవాళ్ళం. అమ్మ దగ్గును పారేయడం మాత్రం ఎవరి వల్లా కాలేదు. ఆ చలికాలమంతా ఆవిడ కూర్చునే నిద్రపోయింది.

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు, కొత్త గుమాస్తా ఉద్యోగం, అర్జీతో లోకాన్ని బాగుచేస్తానన్న ధీమా. అంచేత కాలనీ సంఘానికి నన్నే కార్యదర్శిని చేశారు. బండిని ముందుకైనా జరపండి, బొగ్గు మీద టార్పాలినైనా కప్పండి అని ఆర్నెల్లు రాశాను. చివరికి రైల్వే ఆఫీసరొకాయన చూడ్డానికి వస్తున్నాడని కబురొచ్చింది. ఎవరూ ఏదీ తుడవొద్దు, ఉతకొద్దు, ఉన్నదున్నట్టు కనబడాలని ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. అందరూ బుద్ధిగా తలూపారు.

మర్నాడు ఆయన్ని స్టేషన్ నుంచి జీపులో వెంటబెట్టుకొచ్చి చూద్దును కదా, గోడలకు సున్నం, గడపలకు పసుపు, వీధి పొడుగునా ముగ్గులు. పెద్ద ఆఫీసరు గుమ్మంలోకి వస్తుంటే మసి గడప చూపించడానికి ఏ ఇల్లాలికీ మనసొప్పలేదు (సంఘం అధ్యక్షులవారు చెట్ల ఆకులు కూడా కడిగించారు). పోనీ గూడ్సయినా చూపిద్దామంటే, ఆఫీసరొస్తున్నాడని దాన్ని వాళ్ళవాళ్ళు పొద్దున్నే పంపించేశారట. పాలుపోసే అవ్వ నా పక్కకొచ్చి, “బొగ్గు సూపియ్యమంటే ముగ్గు సూపిస్తుండ్రేంది బిడ్డా” అంది.

ఇక మిగిలిన ఆశ అమ్మే. ఆఫీసర్ని మా ఇంట్లో కూర్చోబెట్టాను. అమ్మ పట్టుచీరలో వచ్చి పెసరట్టు పెట్టి, కాఫీ ఇచ్చింది. అరగంటసేపు ఒక్క దగ్గు లేదు. కనుసైగ చేశాను, నేనే ఒకటి దగ్గి చూపించాను. ఆవిడ మొహం ఎర్రబడింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పెదవి మాత్రం విప్పలేదు. ఆఫీసరు చెయ్యి కడుక్కుని, “మా క్వార్టర్స్ కన్న మీ కాలనీయే మస్తు సాఫ్ ఉన్నది. అమ్మగారు గూడ మంచిగనే ఉన్నరు. ఇగ ఫిర్యాదేంది?” అని, అదే మాట కాగితం మీద రాసుకుని వెళ్ళాడు.

జీపు మలుపు తిరిగాక అమ్మ గోడ పట్టుకుని పావుగంట దగ్గింది. ఇందాక ఏమైందని కసిరాను. ఊపిరి కూడదీసుకుని, “తింటున్న మనిషి ఎదుట దగ్గుతారట్రా” అంది.

మొన్న కొంపల్లిలో నా దగ్గు చూపించుకోవడానికి వెళ్ళేసరికి డాక్టరమ్మ అప్పుడే అన్నం క్యారియరు మూత తీసింది. పర్లేదు, ఏమిటి ఇబ్బంది అనడిగింది. గొంతులోది మింగేసి, ఏం లేదండీ, బానే ఉంది అని బయటికొచ్చేశాను. బెంచీ మీద కూర్చుని తనివితీరా దగ్గుకుంటూ నన్ను చూసి నేనే నవ్వుకున్నాను. అమ్మను ఆ రోజు కసరకుండా ఉండాల్సింది.