పల్లకి వెనక పక్క

చింతామణి మార్కెట్లో మరువం కట్టలు విప్పినప్పుడల్లా ఆ వాసనకు నా చేతులు ఒక్క క్షణం పని ఆపేస్తాయి. పిళ్ళప్పన్న గుర్తొస్తాడు. ఆయన పూల పల్లకులు కట్టే మేస్త్రి. జాతరల్లో దేవుణ్ణి ఊరేగించే పల్లకికి వెదురు చట్టం బిగించి, నిలువెత్తున పూలతో బొమ్మలు కట్టేవాడు. నా చదువు ఐదో తరగతితో ఆగింది. పెళ్ళయ్యాక ఆయన దగ్గర మాలలు అల్లే పనికి చేరాను.

ఆయన పనిలో నాకు అర్థం కానిది ఒకటుండేది. పల్లకి ముందు, రెండు పక్కలా తనకు బాగా చేతనైన చిలకలు, కలశాలు కట్టేవాడు. వెనక పక్క మాత్రం అంతవరకు ఎప్పుడూ కట్టనిదే కట్టేవాడు. ఒకసారి ఏనుగు కడితే సగం దారిలో తొండం ఊడి వేలాడింది. అయినా తీయలేదు. అలాగే ఊరంతా తిరగనిచ్చాడు.

"దేవుని పల్లకిలో తప్పు పెట్టొచ్చునా అన్నా?" అని అడిగాను.

"సామి ముందర నేర్చుకోకుండా ఇంగ యాడ నేర్చుకునేదమ్మా?" అన్నాడు, పళ్ళ మధ్య దారం పట్టుకునే.

మూడో ఏడు, మురుగమల్ల దగ్గర ఒక ఊరి జాతరకు వెనక పక్క నాకిచ్చాడు. అది కుదిరితే బొమ్మలు కట్టేవాళ్ళలో చేరతాను, లేదంటే ఎప్పటికీ మూరలు అల్లుకుంటూ ఉండాల్సిందే అనుకున్నాను. వెనకంతా మరువం పరిచి, దాని మీద నెమలిని కట్టాను. మెడకు మరువం, తోకకు చామంతి, కనకాంబరం. కూర్చుని చూస్తే నిజం నెమలే.

సాయంత్రం పల్లకి వీధిలోకి వచ్చింది. గడపలో నిలబడిన ఒక పెద్దామె, "అదేందమ్మా, సామి వెనకాల కోడిని కట్టుండారు?" అంది.

"ఎవురిదో మొక్కుబడి కోడేమోలే!" అన్నారెవరో. అందరూ నవ్వారు.

ఇంటికి పోతానన్నాను. పిళ్ళప్పన్న చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇట్ల పోతే మళ్ళీ కోడే వస్తాది. పది అడుగులు వెనకాల నడిచి సూడు. యాడ చెడిందో నాకూ తెలీలేదు. సూసి నాకు చెప్పు."

ఏడుస్తూనే నడిచాను. రెండు వీధులు దాటాక ఏడుపు ఎప్పుడు ఆగిందో తెలియదు. నెమలికి మెడే లేదు! పచ్చటి మెడ వెనకున్న పచ్చటి మరువంలో కలిసిపోయింది. తల ఒంటికే అతుక్కున్నట్టుంది. దగ్గర కూర్చుని కట్టేటప్పుడు ఇది కంటికి ఆనలేదు. పరుగెత్తి వెళ్ళి చెప్పాను.

"అట్లనా! ఇన్నేండ్లు కట్టినా నాకు తట్టలేదు సూడు" అని ఆయన కూడా వెనక్కి వచ్చి, నా పక్కన నడుస్తూ చూశాడు.

తర్వాతి జాతరకు ముందు పక్క ఇస్తానన్నాడు. నేను మళ్ళీ వెనకే అడిగాను. ఈసారి మెడ వెనక తెల్ల మల్లెలు పరిచాను. మెడ నిలబడింది, తోక ఒంగిపోయింది.

పిళ్ళప్పన్న ఇప్పుడు లేడు. పల్లకులు నేనే కడుతున్నాను. బాగా కుదిరిన బొమ్మను జనం దండం పెట్టి వదిలేస్తారు, నేనూ మరిచిపోతాను. చెడింది మాత్రం నన్ను వీధులన్నీ తిప్పుతుంది.

మా అమ్మాయి పోరితే ఇది రాశాను. పల్లకి అయితే వెనక నడిచి, ఎక్కడ చెడిందో నలుగురి నోటా వింటాను. చదివేవాళ్ళ వెనక ఎలా నడవాలో తెలియడం లేదు.