ఏరి పెట్టిన కిస్మిస్‌లు

వ్రతం ప్రసాదంలో కిస్మిస్‌లు నాకు చిన్నప్పటి నుంచీ గిట్టవు. పంటి కింద మెత్తగా నలిగే ఆ తీపి ఒంటికి పడదు. కానీ ప్రసాదం పారేయకూడదు, కాలి కింద పడనివ్వకూడదు. అందుకని ఏరి ఎవరికో ఒకరికి పెట్టేయడం అలవాటు.

ఆ ఆదివారం ఆ ఎవరో ఒకరు కుక్క అయింది. అమీర్‌పేటలో మా అపార్ట్‌మెంట్ కింద బట్టలు కుట్టే అన్న పెంచుకునే కుక్క అది. ఒంటరి మనిషి. మేనకోడలి పెళ్లికి సిరిసిల్ల వెళ్తూ దాన్ని నాకు అప్పగించాడు.

"రెండు దినాలే అక్కా, జర చూస్కోండ్రి. నాకు అదొక్కటే ఉన్నది."

పై అంతస్తు వాళ్లు సత్యనారాయణ వ్రతం చేసుకుని డబ్బా నిండా ప్రసాదం పంపారు. కిస్మిస్‌లు ధారాళంగా వేశారు. ఏరితే గుప్పెడయ్యాయి. కుక్క గిన్నెలో వేస్తే తోకాడిస్తూ తినేసి, ఇంకా ఉన్నాయా అన్నట్టు నా వైపు చూసింది. పుణ్యం కూడా నాకే అనుకున్నాను.

సోమవారం పొద్దున లేచేసరికి బాల్కనీలో మూడుచోట్ల వాంతులు. ఆఫీసుకు సెలవు చెప్పి, దాన్ని ఎత్తుకుని కుక్కల ఆసుపత్రికి ఆటో ఎక్కాను. పంజాగుట్ట ఫ్లైఓవర్ కింద ట్రాఫిక్ కదలడం లేదు. నా ఒళ్లో దాని కడుపు వణుకుతూనే ఉంది.

ఏం తిన్నదని డాక్టర్ అడిగాడు. చాక్లెట్? ఉల్లిపాయ? ఎముకలు? బయటి చెత్త? అన్నిటికీ లేదన్నాను. పెరుగన్నం తప్ప ఏమీ పెట్టలేదని గట్టిగా చెప్పాను. అబద్ధమాడానని నాకు తెలియదు. మా ఇంట్లో ప్రసాదం తిండి కింద లెక్క కాదు. ఏకాదశి ఉపవాసమున్న మా అమ్మ కూడా ప్రసాదం కళ్లకద్దుకుని నోట్లో వేసుకునేది. ఉపవాసం చెడిందని ఎవరూ అనలేదు. డాక్టర్ అజీర్తి అనుకుని ఇంజెక్షన్ చేసి పంపాడు.

మంగళవారానికి వాంతులు ఆగాయి. గండం గడిచిందని సంబరపడ్డాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది. కిందికి తీసుకెళ్తే రోజూ ఆగే స్తంభం దగ్గరే ఆగి కాలెత్తింది. చాలాసేపు అలాగే నిలబడింది. ఒక్క చుక్క రాలేదు. అప్పుడు భయం పట్టుకుంది.

ఇంటికొచ్చి, చేతులు ఊరికే ఉండక ప్రసాదం డబ్బా కడగబోయాను. అడుగున ఒక్క కిస్మిస్ అంటుకుని ఉంది. తడి చేతులతోనే డాక్టర్‌కు ఫోన్ చేశాను. గుప్పెడు కిస్మిస్‌లు పెట్టానని చెప్పాను.

"ఎండుద్రాక్ష కుక్కల కిడ్నీలు పాడుచేస్తుందండీ. నిన్ననే చెప్పుంటే సెలైన్ మొదలుపెట్టేవాళ్లం."

ఆ మధ్యాహ్నం సెలైన్ పెట్టారు. నా ఫోన్ అందుకున్న అన్న సాయంత్రం బస్సు దిగి, పెళ్లి బట్టల్లోనే నేరుగా ఆసుపత్రికి వచ్చాడు. అతని గొంతు విని అది తోక ఒక్కసారి కదిపింది. ఏరడం, పెట్టడం, డాక్టర్‌కు చెప్పకపోవడం, అన్నీ అతనికి చెప్పాను. తిడతాడని ఎదురుచూశాను. తిడితే బాగుండేది. అతను దాని తల నిమురుతూనే ఉన్నాడు.

"దేవుని ప్రసాదమే గదా అక్కా. మీరేం జేస్తరు."

బుధవారం పొద్దున అది పోయింది.

అతను ఇప్పటికీ నా జాకెట్లు కుడతాడు. ఇప్పటికీ అక్కా అనే పిలుస్తాడు. ప్రసాదం ఎవరు పెట్టినా నేను కిస్మిస్‌లు ఏరను. కళ్లకద్దుకుని, నమలకుండా మింగేస్తాను.