ఇసుక స్తూపాల దగ్గరి పాప

అప్పట్లో నేను ప్లెయిన్స్‌బరోలో ఉండేవాణ్ణి. ఫొటోల పిచ్చి ఎక్కువ. ప్లేనోలో ఉన్న స్నేహితుడు ఫోన్ చేసి, "మా ఆఫీస్‌ల ఒక లావోస్ ఆయన ఉన్నడు. వీకెండ్ వాళ్ల న్యూ ఇయర్ అంట. ఫ్లైట్ బుక్ చేస్కొని వచ్చెయ్" అంటే, కెమెరా సర్దుకుని వెళ్లాను.

వాళ్ల గుడి ఊరి బయట, పెద్ద రోడ్డును ఆనుకుని ఉంది. డప్పులు, పాటలు, బకెట్లతో నీళ్లు. కనిపించినవాళ్ల మీదల్లా కుమ్మరిస్తున్నారు. కెమెరాకు ప్లాస్టిక్ కవర్ చుట్టుకుని తిరిగాను. ఒక పక్క ఇసుకతో చిన్న చిన్న స్తూపాలు కట్టి, వాటికి కాగితపు జెండాలు గుచ్చుతున్నారు. ఆకుపచ్చ పట్టుబట్ట కట్టుకున్న పాప, నాలుగేళ్లుంటాయేమో, నాలుక బయటపెట్టి ఒక జెండాతో కుస్తీ పడుతోంది. వరసగా తీశాను. ఇంతలో ఊరేగింపు రావడంతో అటు తిరిగాను.

కాసేపటికి ఎవరో నా భుజం గట్టిగా పట్టుకున్నారు. నిలువునా తడిసిన మనిషి. ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"నా కూతురి ఫొటోలు తీసింది నువ్వేనా?" అన్నాడు ఇంగ్లీషులో.

"అవును."

"ఎందుకు తీశావు? పాప ఏది?"

చుట్టూ మనుషులు చేరారు. ఒక ముసలావిడ నన్ను వేలెత్తి చూపిస్తూ వాళ్ల భాషలో ఏడుస్తోంది. స్నేహితుడు నా చెవిలో, "పోలీసులొస్తే మన వీసాలు ఖతం రా. పోదాం పా" అన్నాడు. కదిలితే దొంగనే అనుకుంటారు. కెమెరా పాప తండ్రి చేతికే ఇచ్చి, పక్కన నిలబడి ఫొటోలు జరిపాను.

పాప ఉంది, జెండా ఉంది. తరువాత అంతా ఊరేగింపే. నా భుజం మీద ఆయన పట్టు బిగుస్తోంది. ఒక ఫొటోలో, పూలతో అలంకరించిన పికప్ ట్రక్కు వెనకాల, ఓ మూల ఆకుపచ్చ రంగు కనిపించింది. పెద్దది చేశాను. పాపే. ఆ ట్రక్కు ఎక్కడానికి కాలెత్తుతోంది.

"ట్రక్కు ఎటు పోయింది?" అని ఆయన అరిచాడు.

ఎవరో పార్కింగ్ వైపు చూపించారు. దాని అవతలే రోడ్డు, కార్లు రివ్వున పోతున్నాయి. అందరం పరుగెత్తాం. మొదటి వరసలో లేదు. రెండో వరసలో పూలు కనిపించాయి. ట్రక్కు వెనకాల, బంతిపూల దండల కింద ముడుచుకుని పాప నిద్రపోతోంది.

ఆయన ఎత్తుకుంటే లేచి, కోపంగా ఏడ్చింది. ఆయన అక్కడే నేల మీద కూలబడ్డాడు.

చాలాసేపటికి నా దగ్గరికి వచ్చాడు. "థాంక్యూ" అని, "అయినా, పాప ఫొటోలు డిలీట్ చేస్తావా?" అన్నాడు.

మనసు చివుక్కుమంది. కానీ కాదనలేకపోయాను. ఆయన చూస్తుండగానే ఒక్కొక్కటీ తీసేశాను, ట్రక్కు ఫొటోతో సహా. ఆయన తల ఊపి, మమ్మల్ని భోజనాల బల్ల దగ్గరికి తీసుకెళ్లి, తన చేత్తోనే జిగురన్నం వడ్డించాడు. స్నేహితుడికి ముద్ద దిగలేదు. నేను మాత్రం రెండోసారి కూడా పెట్టించుకున్నాను.