పలకలు రాసే ఆయన పేరు

తోటలో మొక్కలకు పేర్ల పలకలు రాసే పెద్దాయనకు కుంచె మొనను చొక్కా జేబుకు తుడిచే అలవాటు. అందుకే ఆయన చొక్కాలన్నిటికీ జేబు తెల్లరంగుతో అట్టకట్టి ఉండేది. ముప్పై ఏళ్లలో ఎన్నో పేర్లు రాశాడు గానీ, విక్టోరియా అన్న పేరు దగ్గరికి వచ్చేసరికి కడుపు రగిలిపోయేది. లాటిన్‌లో విజయమని అర్థమట. ఆ ఒక్క పేరే ఓ సరస్సుకి, జలపాతానికి, ఊళ్లకి, కిరీటమున్న పావురానికి, చివరికి కొలనులో తాంబాళమంత ఆకులేసే కలువకి కూడా పెట్టారు. ఆయన పేరు సొంత తలుపు మీదైనా లేదు. ఇంట్లో 'ఏమండీ', తోటలో 'పలకలాయన'.

ఆ ఉదయం కలువ పలకకు మళ్లీ రంగు వేస్తుంటే, కొత్తగా చేరిన ఊడ్చే అమ్మాయి ఆగింది. "ఏం పేరు బాబాయ్ అది?" "విక్టోరియా." "అయ్యో, నా పేరే!" ఆయనకు ఒళ్లు మండింది. "నీకూ ఇదే దొరికిందా? లోకమంతా మీదేగా!" "ఏం లోకం బాబాయ్! మా క్లాసులోనే నలుగురం. నన్ను మూడో విక్టోరియా అనేవాళ్లు. ఇంతకీ మీ పేరేంటి?" ఆయన గొంతు సవరించుకుని, తాత సొంతంగా కల్పించి పెట్టిన తన పేరు చెప్పాడు. "ఎక్కడా వినలేదే! అదృష్టవంతులు. పిలిస్తే మీరొక్కరే పలుకుతారు," అంటూ ఆ అమ్మాయి నిజంగానే కుళ్లుకుంది. కుంచె గాల్లోనే ఆగిపోయింది. "ఏదీ, అవతలి గట్టు నుంచి ఓసారి పిలువు," అన్నాడాయన. ఆమె వెళ్లి, 'గారూ' అని చేర్చి నోరారా పిలిచింది. ఆయనకు స్పష్టంగానే వినబడింది. అయినా రెండోసారి కూడా పిలుస్తుందన్న ఆశతో పలకలేదు.